మూత్రపిండంలో మచ్చ

సింగరాయకొండ నుండి కందుకూరు మీదుగా పడమరకు పోతే కనిగిరి వస్తుంది. ఆ మెట్టసీమ బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చు. గారపళ్ళవారూ, మూత్రపిండాల జబ్బుతో కుంగినవారూ అక్కడి పల్లెల్లో కనబడతారు. ఇంతకంటె పెద్ద కథ శ్రీకాకుళం జిల్లా ఉద్దానానిది. కొబ్బరి, జీడిమామిడి తోటల ఆ సీమలో మధుమేహం గాని, చిరకాలపు రక్తపుపోటు గాని లేని రైతుకూలీల మూత్రపిండాలు చెడిపోతున్నాయని 1990ల నుండి వైద్యులు గమనిస్తూ వచ్చారు.

ఈ జబ్బు చరిత్ర లండనులోని గైస్ ఆసుపత్రిలో మొదలవుతుంది. అక్కడి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, ఒళ్ళు నీరుపట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి సెగపై కాచి చూచేవాడు. కొందరిది గుడ్డు తెల్లసొనవలె గడ్డకట్టేది. అట్టివారు మరణించిన పిమ్మట శవపరీక్ష చేయగా మూత్రపిండాలు చెడి, కొన్ని ముడుచుకొని, గట్టిపడి, గరుకుగా కనిపించాయి. ఈ సంబంధాన్ని ఆయన 1827లో ప్రకటించాడు.

ఆ గట్టిదనమే మచ్చ. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రానులు, అనగా సూక్ష్మమైన వడపోత గొట్టాలు, ఉంటాయి. చెడిన నెఫ్రాను స్థానంలో కొత్తది పుట్టదు. కొల్లాజెన్ నారలు పేరుకొంటాయి. చర్మంపై గాయం మానితే మచ్చ అంతటితో ఆగుతుంది గదా, ఇక్కడ ఆగదేమి? 1932లో చానుటిన్, ఫెరిస్ అనే అమెరికను పరిశోధకులు ఎలుకల మూత్రపిండాలలో అధికభాగాన్ని కోసి తీసివేశారు. మిగిలిన ఆరోగ్యకరమైన ముక్క కూడ క్రమంగా చెడిపోయింది! దీని మర్మాన్ని 1982లో బ్రెన్నర్, ఆయన సహచరులు వివరించారు. పదిమంది మోసే పల్లకీ నలుగురి భుజాలపై పడినట్లు, మిగిలిన నెఫ్రానులలో ఒత్తిడి పెరిగి, అవీ మచ్చపడతాయి. తొలి కారణం తొలగినా జబ్బు ముదరడం ఇందుచేతనే.

ఒత్తిడి తగ్గిస్తే? బ్రెజిలు దేశపు ఒక విషసర్పపు గరళాన్ని పరిశీలించి రూపొందించిన కాప్టోప్రిల్ అనే మందు, మధుమేహ రోగులలో మూత్రపిండాల క్షీణతను మందగింపజేస్తుందని 1993లో తేలింది. అది పడిన మచ్చను చెరపదు. రాబోయే మచ్చలను ఆలస్యం చేస్తుంది. కనుక జబ్బును ఎంత ముందుగా పట్టుకొంటే అంత మేలు.

చిక్కంతా అక్కడే ఉంది. ఉద్దానంలో బ్రైటు చెంచా అంతగా పనికిరాదు. అక్కడ మచ్చ గొట్టాల చుట్టూ ఉన్న కణజాలంలో మొదలవుతుంది. తొలిదశలో మూత్రంలో ప్రోటీను అత్యల్పం. రక్తంలో క్రియాటినిన్ హెచ్చు స్పష్టంగా కనబడేసరికి తరచు సగం శక్తి పోయి ఉంటుంది. నొప్పి లేదు, పనికి పోతూనే ఉంటారు. ఊరూరా రక్తపరీక్షలు జరిపినప్పుడు వయోజనులలో సుమారు అయిదింట ఒకవంతు మందికి జబ్బు ఉన్నట్లు బయటపడింది.

శ్రీలంక ఉత్తరమధ్య రాష్ట్రపు వరిరైతులు, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకుకూలీలు ఇటువంటి వ్యాధినే అనుభవిస్తున్నారు. ఎండవేడిమి, నీరు చాలకపోవడం, పురుగుమందులు, భూగర్భజలం అన్నిటినీ అనుమానించారు. ఏ ఒక్కటీ రుజువు కాలేదు. బాల్కను పల్లెల జబ్బును 1950లలో వర్ణించగా, గోధుమలో కలిసే ఆరిస్టొలోకియా అనే కలుపుమొక్క గింజలే దానికి మూలమనడానికి బలమైన సాక్ష్యం 2007లో గాని దొరకలేదు. పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయపు నీటిని ఉద్దానం పల్లెలకు గొట్టాలద్వారా అందించే పథకమూ అప్పుడే మొదలయింది.