పత్తి గింజ మొలక (సూరత్)

పత్తి గింజ తడి పీల్చుకున్నప్పటి నుంచి తొలి ఆకు విప్పే దాకా గల దశను మొలక దశ అంటారు. దక్షిణ గుజరాత్‌లో తపతి ఒడ్డున ఉన్న సూరత్‌కు ఈ దశ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ప్రపంచంలో వాణిజ్య సాగుకు విడుదలైన తొలి సంకర పత్తి ఇక్కడే పుట్టింది. ఆ తర్వాత గింజ ఖరీదైన వస్తువైంది, మొలక శాతం డబ్బు లెక్కలోకి వచ్చింది.

గింజకు ఒక కొస మొద్దుగా, మరో కొస మొనదేలి ఉంటుంది. నీరు ఎక్కువగా మొద్దు కొస గుండా లోపలికి పోతుంది, వేరు మాత్రం మొనదేలిన కొస చీల్చుకుని వస్తుంది. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో రెండు మూడు రోజులకే వేరు కనిపిస్తుంది. తర్వాత కాడ కొక్కెంలా వంగి మట్టిని నెట్టుకుంటూ పైకి లేచి, గింజలో ముడుచుకుని ఉన్న రెండు బీజదళాలను వెలుగులోకి లాగుతుంది. వాన వెలిసి ఎండకాసి నల్లరేగడి పైపొర గట్టిపడితే ఆ కొక్కెం లోపలే విరిగిపోవచ్చు. బీజదళాలు మూత్రపిండాల ఆకారంలో ఉంటాయి, వాటి మీది నల్లచుక్కలు గాసిపాల్ గ్రంథులు. వాటిలోని నూనె చక్కెరగా మారి, మొక్క సొంతంగా ఆహారం చేసుకునే దాకా పోషిస్తుంది. అసలు ఆకు సుమారు పది రోజులకు వస్తుంది. నీరు పీల్చే తొలి గంటల్లో చలి తగిలితే వేరు కొన చచ్చిపోతుంది.

గింజకు పూత పెట్టడం పాత సంగతే. ఎముకలాంటి గట్టి గింజలకు పేడ పూయమని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో విత్తనాలను పాలలో నానబెట్టి, పేడ పట్టించి, మాంసంతో ధూపం వేసే పద్ధతి రాశాడు. తర్వాతి కాలంలో పత్తి రైతులు నూగు గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా పేడ, మట్టి, బూడిద కలిపి రుద్దుకుంటూ వచ్చారు.

1613లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సూరత్‌లో వర్తక స్థావరం పెట్టింది. తర్వాత రెండున్నర శతాబ్దాలు గింజల గురించి కాక బేళ్లు, బట్టలు, సుంకాల గురించే రాతలు దొరుకుతాయి. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం లాంకషైర్ మిల్లులను ఆకలికి గురిచేసినప్పుడు సూరత్ పత్తికి గిరాకీ పెరిగింది, పొట్టి పింజ అన్న నిందా పెరిగింది. ఆ నింద పోగొట్టడానికి మంచి గింజ కావలసివచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం మొదలై, అథ్వా ప్రాంతంలోని పత్తి పరిశోధన కేంద్రంగా పెరిగింది. దేశవాళీ హెర్బేషియం పత్తిలో 1027 ఎ.ఎల్.ఎఫ్. వంటి రకాలు అక్కడివే. ఈ కేంద్రం ఇప్పుడు నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది.

1970లో పత్తి శాస్త్రవేత్త సి.టి. పటేల్ ఈ కేంద్రం నుంచి హెచ్-4 అనే ఆ తొలి సంకర పత్తిని విడుదల చేశారు. గుజరాత్-67 తల్లి, మకరందం లేని ఒక అమెరికన్ పత్తి తండ్రి. పత్తి పువ్వు తనకు తానే పరాగం పూసుకుంటుంది కాబట్టి, వాణిజ్య స్థాయిలో సంకరం సాధ్యం కాదని చాలామంది అనుకున్న కాలమది. పటేల్ దగ్గర ఉన్నది యంత్రం కాదు, కూలీల చేతివేళ్లు. మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చే మొగ్గను బొటనవేలి గోటితో గిల్లి, రేకులనూ కేసరాలనూ కలిపి ఊడదీస్తారు. మర్నాడు ఉదయం తండ్రి పూల పుప్పొడి రుద్దుతారు. ఒక్కో కాయా ఇలా చేత్తో చేసినదే. అంత శ్రమతో వచ్చిన గింజను గొర్రుతో వేస్తే గిట్టదు. అందుకే రైతులు అడ్డంగా, నిలువుగా సాళ్లు గీసి, అవి కలిసేచోటల్లా ఒకటి రెండు గింజలు చేత్తో నాటడం మొదలుపెట్టారు. మొలవని ప్రతి గింజా చేనులో ఖాళీగా కనబడేది. 1980లో సూరత్ నుంచే వచ్చిన హైబ్రిడ్-6ను బజారు శంకర్-6 అని పిలుస్తుంది. పింజ ధరలు చెప్పేటప్పుడు ఆ పేరు నేటికీ వినిపిస్తుంది.

గింజ ఖరీదు పెరగడంతో నూగు తీయడమూ పెరిగింది. కిలో గింజలకు సుమారు 100 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరికామ్లం పోసి, కాఫీ రంగు వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు కలియబెట్టి, పలుమార్లు కడుగుతారు. నీళ్లలో తేలినవి తాలు, మునిగినవి విత్తనం. ప్రయోగశాలలో 400 గింజలను ఇసుకలోనో కాగితంలోనో పెట్టి నాలుగో రోజున, పన్నెండో రోజున లెక్కిస్తారు. ధ్రువీకరణ ప్రమాణాల్లో పత్తి రకాలకు కనీస మొలక శాతం 65.

మొలక శాస్త్రానికి పత్తి ఇచ్చింది తక్కువేమీ కాదు. గింజను నిద్రలో ఉంచే అబ్సిసిక్ ఆమ్లాన్ని 1963లో వేరుచేసింది పత్తి కాయల నుంచే. 1966లో పత్తి వేళ్ల స్రావంలో దొరికిన స్ట్రైగాల్, పరాన్న కలుపు స్ట్రైగా గింజలను మేల్కొలుపుతుంది. గింజ ఎండినా కణాలు చావకుండా కాపాడే ప్రోటీన్లను లియాన్ డ్యూర్ బృందం 1981లో పత్తి గింజల్లోనే వర్ణించింది.

సంకర విత్తనోత్పత్తి తెలుగు నేలకూ పాకింది. గద్వాల, కర్నూలు, నంద్యాల చేలల్లో పువ్వు గిల్లే పని ఆడవాళ్లదైంది, బడికి పోవలసిన ఆడపిల్లలతోనూ చేయించారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఎకరాకు 450 గ్రాముల ప్యాకెట్ మామూలైంది, ఇంట్లో గింజ దాచుకునే అలవాటు దాదాపు పోయింది. ధరలను అదుపు చేయడానికి ఆంధ్రప్రదేశ్ 2007లో పత్తి విత్తనాల చట్టం చేసింది. సంకర పత్తి పుట్టిన చోట మాత్రం కథ వేరు: కాక్రాపార్ ఆనకట్ట, ఉకాయ్ జలాశయం నీళ్లు వచ్చాక సూరత్ చుట్టుపక్కల చెరకు పెరిగి పత్తి తగ్గింది.

విత్తనం విఫలమైతే నష్టం ఎవరు కట్టాలన్నది 2012లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రైతులకు సంబంధించిన కేసులో, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని కోర్టు తేల్చింది. పరీక్ష కోసం నమూనా దాచి ఉంచలేదని రైతును తప్పుపట్టడం కుదరదని కూడా చెప్పింది: కొన్న గింజలన్నీ అతను చేలో వేసేస్తాడు కదా.