పశ్చిమాఫ్రికావారి ఎబా ముద్ద

మనకు సంకటి యెట్టిదో, పశ్చిమాఫ్రికాలోని నైజీరియా దేశీయులకు ‘ఎబా’ యట్టిది. గిన్నెలో సలసల కాగిన నీరు పోసి, అందు ‘గారీ’ యను రవ్వను చల్లుదురు. అది నీరు పీల్చి యుబ్బిన పిమ్మట తెడ్డుతో ముద్దగా మెదుపుదురు. కుడిచేత చిన్న యుండ చేసి, బెండకాయ పులుసులోనో ఆకుకూర పులుసులోనో అద్దుకొని తిందురు.

ఈ రవ్వ ధాన్యపు రవ్వ కాదు. మన గోదావరి మెట్టసీమలో పండి, సగ్గుబియ్యమునకు పనికివచ్చు కర్రపెండలమే దీనికి మూలము. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకులు దానిని బ్రెజిలునుండి ఆఫ్రికా తీరమునకు గొనివచ్చిరి.

అయినను, మొక్క వచ్చినంతనే అన్నము రాలేదు. చేదుజాతి గడ్డలో విషమున్నది. ఆ విషమును పోగొట్టు నుపాయము బ్రెజిలులోని ఆదిమజాతులవారు ఏనాడో యెరిగియుండిరి. గడ్డను కోరి, కోరును పిండి నీరు తీసి, పెనముపై వేయించినచో విషము నీటితోను ఆవిరితోను పోవును. బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికావారు అచ్చట నా పనిని చేసిరి. వారిని తరలించు ఓడలలో తిండిగా పెట్టినవానిలో నా పిండియు నొకటి.

1835లో బ్రెజిలునందలి బహియాలో ఆఫ్రికావారు తిరుగుబాటు చేసిరి. అది అణచబడిన పిమ్మట కొందరు వెళ్లగొట్టబడిరి. విడుదల పొందిన మరికొందరు తామే స్వదేశమునకు మరలిరి. లాగోసు మొదలగు రేవులందు స్థిరపడిన వీరివలన గారీ చేయు పద్ధతి నైజీరియాలో వ్యాపించెనని చరిత్రకారులు తలంతురు. అచ్చటి స్త్రీలు కోరును సంచులలో నింపి, పైన రాళ్లు పేర్చి, కొన్ని దినములు నీరోడ్చి పులియనిత్తురు. పిదప జల్లించి వేయింతురు. కొందరు తాటిజాతి చెట్టు నూనె కలుపుటచే రవ్వ పసుపువన్నె దాల్చును. ఇది చాలకాలము నిలువయుండును. వేడినీరున్న చాలును, భోజనము సిద్ధము. కావుననే పట్టణములలోని కూలివారికిని ఇది ప్రియమైనది.

సోదరులారా, ఈ శ్రమ యెంత యవసరమో మరియొక దేశపు కథ తెలుపును. 1981లో మొజాంబిక్ దేశమున కరవు వచ్చినపుడు, సరిగా శుద్ధి చేయని గడ్డలు తిన్న వేయిమందికి పైగా జనులకు కాళ్లు చచ్చుబడినవి. పరదేశపు పంట వచ్చినపుడు విత్తుతోపాటు దానిని వండు విద్యయు రావలయును. విత్తును తెచ్చినవారు వర్తకులు. విద్యను తెచ్చినవారు సంకెళ్లు వీడి యింటికి మరలినవారు. వర్తకులను చరిత్ర తలచుచున్నది. మరలివచ్చిన వారిలో పెక్కురి పేర్లు ఎచ్చటను వ్రాయబడలేదు. వారి పని మాత్రము నేటికిని ఆ దేశపు వంటయింట జరుగుచున్నది.