పేరు మారిన తెగులు: అనంతపురం వేరుసెనగ ఉదంతం – జీవశాస్త్రంలో పూర్వపరిశోధనల అన్వేషణ

ప్రవేశిక

జీవశాస్త్ర విద్యార్థి ప్రయోగశాలలో అడుగు పెట్టడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. తాను ఎన్నుకొన్న విషయాన్ని గురించి అంతకు పూర్వం ఎవరు, ఎక్కడ, ఏమి తేల్చారో వెదికి తెలుసుకోవడమే ఆ పని. శాస్త్ర విభాగాలలో దీనిని గ్రంథాలయ సూచికలను వాడే నేర్పుగా, కంప్యూటరు ముందు కూర్చుని పూర్తిచేసే సాంకేతికమైన పనిగా చూడడం పరిపాటి. అయితే వెదకడానికి ముందు విద్యార్థి చేతిలో ఒక పేరు ఉండాలి. ఆ పేరు ఏ కాలానిది, ఏ ప్రాంతానిది, ఏ భాషది అన్న ప్రశ్న శాస్త్రానికి ఎంత చెందుతుందో భాషాచరిత్రకూ అంతే చెందుతుంది. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా వేరుసెనగ పంటను దెబ్బతీసిన తెగులును ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2000 ఖరీఫ్ – కాండం కుళ్ళు తెగులు

అనంతపురం పీఠభూమి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి బలహీనపడి చేరతాయి. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య ఋతుపవనాల ఫలమూ అంతంత మాత్రమే. ఎర్రనేలల్లో వానను నమ్ముకొని వేసే పంటల్లో వేరుసెనగదే అగ్రస్థానం. కాయ రైతుకు రొక్కమవుతుంది; కట్టె పశువుకు మేతవుతుంది. పంట పోయిన ఏడు ఈ రెండూ ఒక్కసారే పోతాయి.

2000 ఖరీఫ్‌లో జిల్లా చేలల్లో లేత మొక్కల చివరి ఆకులపై మాడిన మచ్చలు కనిపించాయి. మాడు కాడకు, మొవ్వుకు పాకింది. చాలా మొక్కలు పూర్తిగా ఎండి చనిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నదని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని ఆ తరువాత శాస్త్రజ్ఞులు ప్రచురించిన అంచనా.

ఈ లక్షణాలు వేరుసెనగలో అప్పటికే తెలిసిన మరొక తెగులును పోలి ఉన్నాయి. అది మొవ్వుకుళ్ళు తెగులు. అందులోనూ మొవ్వు మాడిపోతుంది, మొక్క గిడసబారుతుంది. పోలికను బట్టి పేరు పెట్టడం లోకసహజం. కాని ఇక్కడ పేరు పొరపడితే నివారణ పొరపడుతుంది. ఆ సంగతి తెలియాలంటే రెండు తెగుళ్ళ పేర్ల చరిత్రనూ విడివిడిగా చూడాలి.

మొవ్వుకుళ్ళు – ఒక తెగులు, మూడు పేర్లు

వేరుసెనగ మొవ్వుకుళ్ళును గురించి పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు 1979లో ప్రచురించిన వ్యాసం దానికి కారణం టొమాటో స్పాటెడ్ విల్ట్ వైరస్ అని పేర్కొన్నది. 1992 నాటికి ఈ నిర్ణయం మారింది. సీరం పరీక్షలలో ఇది టొమాటో వైరస్‌తో కలవలేదు. టాస్పోవైరస్‌ల కుటుంబంలోనిదే అయినా వేరొక వైరస్ అని తేలి, పీనట్ బడ్ నెక్రోసిస్ వైరస్ అన్న పేరు వచ్చింది. ఆ తరువాత వైరస్ వర్గీకరణలో గ్రౌండ్‌నట్ బడ్ నెక్రోసిస్ వైరస్ అన్న రూపం స్థిరపడింది.

వైరస్‌ను మోసే తామర పురుగు పేరూ ఇలాగే మారింది. తొలినాటి వ్యాసాలు ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ అనే జాతిని వాహకంగా చెప్పాయి. తరువాతి పరిశోధన త్రిప్స్ పామీ అనే జాతిని ముఖ్య వాహకంగా నిలిపింది.

ఈ రోజు ఒక విద్యార్థి నేటి పేరుతో మాత్రమే వెదికితే 1992కు ముందు వ్యాసాలలో ఎక్కువ భాగం అతనికి కనిపించదు. పాత పేరుతో మాత్రమే వెదికితే టొమాటోను గురించిన వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడతాయి. తాళపత్ర ప్రతులలో ఒకే పద్యానికి పాఠాంతరాలు ఉన్నట్లు శాస్త్రసాహిత్యంలో ఒకే జీవికి నామాంతరాలు ఉంటాయి. పాఠాంతరాలను పట్టికగా వేసుకోనిదే పరిష్కర్త ముందుకు సాగడు. అన్వేషకుడు చేయవలసిన తొలి పని కూడా అటువంటి పట్టికే.

కాండం కుళ్ళు – అప్పటికే అచ్చయిన సమాధానం

2000 నాటి తెగులుకు కారణం మొవ్వుకుళ్ళు వైరస్ కాదనీ, టొబాకో స్ట్రీక్ వైరస్ అనీ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి నిర్ధారించారు. వారి వ్యాసం 2002లో ప్లాంట్ డిసీజ్ అనే అమెరికా పత్రికలో వెలువడింది. ఈ తెగులుకు కాండం కుళ్ళు అన్న పేరు రూఢమైంది.

ఈ వైరస్ కొత్తది కాదు. దీనిని పొగాకు మొక్కపై అమెరికాలో జేమ్స్ జాన్సన్ 1936లోనే వర్ణించాడు. ఇది ఎలా వ్యాపిస్తుందన్న చిక్కుముడిని 1987లో ఆస్ట్రేలియాకు చెందిన స్డూడీ, టీకిల్ విప్పారు. వైరస్ పుప్పొడిలో ఉంటుంది. పుప్పొడి రేణువులు ఆకుపై పడతాయి. తామర పురుగు ఆకును గీరి రసం పీల్చినప్పుడు ఏర్పడే గాయం ద్వారా వైరస్ మొక్కలోకి ప్రవేశిస్తుంది. అనంతపురానికి సరిహద్దు రాష్ట్రమైన కర్ణాటకలో 1997లో పొద్దుతిరుగుడు పంటకు మాడు తెగులు సోకింది. మొదట టాస్పోవైరస్ అని అనుమానించిన దానిని తరువాత టొబాకో స్ట్రీక్ వైరస్ చేరే ఇలార్‌వైరస్ వర్గానికి చెందినదిగా గుర్తించారు. దక్షిణాఫ్రికాలో వేరుసెనగపైనే ఈ వైరస్‌ను గుర్తించిన వ్యాసం 1999లో అచ్చయింది.

ఈ నాలుగు సమాచారాలూ 2000 నాటికి గ్రంథాలయాలలో ఉన్నవే. కాని అవి నాలుగు వేర్వేరు అరలలో ఉన్నాయి: ఒకటి పొగాకు కింద, ఒకటి కీటకవాహకాల కింద, ఒకటి పొద్దుతిరుగుడు కింద, ఒకటి ఆఫ్రికా ఖండపు పంటల కింద. వేరుసెనగ అన్న ఒక్క మాటతో వెదికినవారికి వీటిలో ఒకటే దొరకవచ్చు. అదీ ఆ మాటను ఏ రూపంలో వాడారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. దక్షిణాఫ్రికా వ్యాసం పంటను గ్రౌండ్‌నట్ అన్నది. 2002 నాటి వ్యాసం పీనట్ అన్నది. రెండింటినీ కలిపేది లిన్నేయస్ 1753లో ఇచ్చిన అరాకిస్ హైపోజియా అన్న శాస్త్రీయ నామమే.

పేరులోని భేదం చేలో ఎలా పని చేస్తుందో ఇప్పుడు స్పష్టమవుతుంది. మొవ్వుకుళ్ళు వైరస్ తామర పురుగు శరీరంలోనే వృద్ధి చెందుతుంది. పిల్లదశలో వైరస్‌ను గ్రహించిన పురుగు పెద్దదై దానిని వ్యాపింపజేస్తుంది. కాండం కుళ్ళులో పురుగు చేసేది గాయం మాత్రమే. వైరస్‌ను అందించేది పుప్పొడి. ఆ పుప్పొడిని విరివిగా ఇచ్చేది గట్ల మీద, బీళ్ళలో, దారుల పక్కన పెరిగే వయ్యారిభామ. వైరస్ సోకినా ఆ మొక్కపై తెగులు లక్షణాలు కనిపించవు. అందువల్ల రైతు చేయవలసిన ముఖ్యమైన పని వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయడం. మొవ్వుకుళ్ళు అని తలచి పురుగుమందుపైనే ఆధారపడిన రైతుకు ఖర్చు మిగులుతుంది, గట్టు మీది కలుపు అలాగే మిగులుతుంది.

రెండు కథల్లోనూ ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ పేరు ఉండడం గమనింపదగినది. ఒకదానిలో అది ఒకప్పుడు ముఖ్య వాహకంగా భావింపబడిన పురుగు. రెండవదానిలో గాయం చేసి వైరస్‌కు దారి ఇచ్చే మూడు జాతులలో ఒకటి. పురుగు పేరు ఒక్కటే పట్టుకొని వెదికితే రెండు తెగుళ్ళ వ్యాసాలూ కలగాపులగంగా వస్తాయి.

వెదికే సాధనాలు, వెదికే పద్ధతి

శాస్త్రసాహిత్యానికి సూచికలు వేయడం ఇటీవలి పని కాదు. 1864 నాటి ప్రచురణలతో జువలాజికల్ రికార్డ్ మొదలైంది. మొక్కల తెగుళ్ళకు 1922లో రివ్యూ ఆఫ్ అప్లైడ్ మైకాలజీ, జీవశాస్త్రమంతటికీ 1926లో బయలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్ వచ్చాయి. భారతీయ వ్యాసాల కోసం ఇన్‌స్‌డాక్ సంస్థ 1965లో ఇండియన్ సైన్స్ అబ్‌స్ట్రాక్ట్స్ ప్రారంభించింది. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మరొక మార్గాన్ని చూపింది: ఒక వ్యాసాన్ని తరువాత ఎవరెవరు ఉదాహరించారో దానివల్ల తెలుస్తుంది. పేరు తెలియని చోట ఇది ఎంతో ఉపకరిస్తుంది. 1987 నాటి పుప్పొడి వ్యాసాన్ని పట్టుకొని దానిని ఉదాహరించినవారి వెంట నడిస్తే పంట పేరుతో పని లేకుండానే భారతదేశపు వ్యాసాలకు చేరుకోవచ్చు.

ప్రశ్నను విడదీసే పద్ధతిని నేర్పినవాడు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్. 1933లో ప్రచురితమైన కోలన్ వర్గీకరణలో ఆయన ఏ విషయాన్నయినా ముఖాలుగా విడదీసి, వాటిని మళ్ళీ కలిపే మార్గం చూపాడు. వ్యక్తి, ద్రవ్యం, శక్తి, స్థలం, కాలం అన్న ఐదు మూలవర్గాలుగా తరువాత ఈ ఆలోచన స్థిరపడింది. అనంతపురం ప్రశ్నకు ఈ పద్ధతిని అన్వయిస్తే పంట ఒక ముఖం, తెగులు మరొకటి, వ్యాప్తి విధానం వేరొకటి, స్థలమూ కాలమూ చివరివి. ఒక్కొక్క ముఖం కింద ఉన్న నామాంతరాలను ‘లేదా’ అన్న సంబంధంతో చేర్చాలి. ముఖాలను ఒకదానితో ఒకటి ‘కూడా’ అన్న సంబంధంతో కలపాలి. కంప్యూటరు సూచికలలో ఈ రెండు సంబంధాలనూ వాడుకోవచ్చు. వచ్చిన ఫలితం మరీ తక్కువైతే పంట ముఖాన్ని వదలి వెదకాలి. వైరస్‌కు పంటల హద్దులు లేవని పొగాకు, పొద్దుతిరుగుడు ఉదంతాలు చెబుతున్నాయి.

స్థలం కూడా మారే పేరే

స్థలనామం స్థిరమైనదని భావించడం పొరపాటు. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడి ఏర్పడింది. వేరుసెనగ పరిశోధనకు పేరుపొందిన కదిరి ప్రాంతం 1910 వరకు కడప జిల్లాలో ఉండేది. రాయదుర్గం 1953లో బళ్ళారి నుంచి వచ్చి చేరింది. 2022లో కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. కాబట్టి కదిరి ప్రాంతపు పాత సేద్యాన్ని వెదికేవారు 1905 నాటి ఫ్రాన్సిస్ అనంతపురం గెజిటీర్‌తో ఆగిపోకూడదు. 1875 నాటి గ్రిబుల్ కడప జిల్లా మాన్యువల్‌ను తెరవాలి. సంస్థల పేర్లదీ ఇదే దారి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా ఏర్పడిన సంస్థ 1996 నుంచి ఆచార్య ఎన్. జి. రంగా పేరుతో ఉంది. దాని సిద్ధాంతగ్రంథాలు రెండు పేర్ల కిందా దొరుకుతాయి.

తెలుగు పేర్లు – తెలుగు శాఖల బాధ్యత

ఇంతవరకు చెప్పిన సూచికలలో ఏదీ రైతు నోటి మాటను ఎరుగదు. వేరుసెనగ, వేరుశనగ, వేరుశెనగ అన్నవి అచ్చులోని రూపాలు. సీమ పల్లెల్లో అవే చెనిక్కాయలు, శనక్కాయలు, బుడ్డలు. పార్థీనియం అన్న శాస్త్రీయ నామం వెనుక వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అన్న రెండు లోకవ్యవహారాలు ఉన్నాయి. 1955లో పూనాలో గుర్తించిన తరువాత దేశమంతటా వ్యాపించిన కలుపు అది. ప్రాచీన నిఘంటువులలో దానికి తెలుగు పేరు వెదకడం వృథాశ్రమ. ఏ మాట ఏ కాలంలో పుట్టగలదో తెలిసినవారే ఎక్కడ వెదకాలో చెప్పగలరు.

ఈ విషయంలో తెలుగువారికి ఒక గొప్ప సాధనం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయానిది. పల్లెపల్లెలో రైతులను అడిగి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించి కూర్చిన కోశమది. దానిని భాషాశాస్త్ర విద్యార్థులు మాండలిక భేదాల కోసం చదువుతారు. జీవశాస్త్ర విద్యార్థి చేతికి అది చేరడం అరుదు. టి. పుల్లయ్య, ఎన్. యశోద 1989లో వెలువరించిన అనంతపురం జిల్లా వృక్షసంపద గ్రంథం జీవశాస్త్ర విద్యార్థికి సుపరిచితం. తెలుగు శాఖ అరల్లో అది కనిపించడం అరుదు. ఒకదానిలో మాట ఉంది, మరొకదానిలో మొక్క ఉంది.

రైతుల అనుభవం ఎక్కువగా నమోదైనది తెలుగు పత్రికలలో. 1969లో ప్రారంభమైన అన్నదాత వంటి మాసపత్రికల సంపుటాలలో ప్రశ్నలు, జవాబులు, తెగులు వర్ణనలు ఉంటాయి. విషయసూచిక లేనిచోట వాటిని పుటపుటా తిప్పవలసిందే. అలా తిప్పేటప్పుడు ‘కుళ్ళు’ అన్న మాటను చూసి ఆగిపోకూడదు. రైతు ‘మాడు’ అన్నా, ‘ఎండు’ అన్నా అదే తెగులు కావచ్చు. ‘మొవ్వుకుళ్ళు’ అన్న చోట కాండం కుళ్ళు దాగి ఉండవచ్చు. లక్షణవర్ణనను చదివి పేరును సరిచూడడం ఇక్కడ తప్పనిసరి. గ్రంథపరిష్కరణలో శిక్షణ పొందినవారికి ఇది అలవాటైన పనే.

ముగింపు

అనంతపురం ఉదంతం చెప్పే పాఠం ఇది: కావలసిన జ్ఞానం లోకంలో ఉన్నంత మాత్రాన అవసరమైన చోట ఉన్నట్లు కాదు. దానిని చేరుకోవడానికి పేర్ల వంతెన కావాలి. ఆ వంతెనకు ఒక కొస లాటిన్ నామం, మరొక కొస పల్లెటూరి మాట. మధ్యలో కాలక్రమంలో మారిన ఆంగ్ల నామాలు, జిల్లాల పేర్లు, సంస్థల పేర్లు ఉన్నాయి. శాస్త్ర విభాగాలు మొదటి కొసను చూసుకొంటున్నాయి. రెండవ కొసను చూసుకోవలసినది తెలుగు శాఖలే. పంట, తెగులు, పురుగు, కలుపు – వీటి తెలుగు నామాంతరాలను ప్రాంతంతోను, కాలంతోను, శాస్త్రీయ నామంతోను జోడించే పట్టికను వృక్షశాస్త్ర, గ్రంథాలయశాస్త్ర విభాగాలతో కలిసి సిద్ధం చేయడం సిద్ధాంతగ్రంథానికి తగిన విషయం. ఆ పట్టిక సిద్ధమైతే గట్టు మీది వయ్యారిభామను చూపించి రైతు చెప్పే మాటకూ, పుప్పొడిని గురించి ఆస్ట్రేలియా పరిశోధకులు రాసిన వ్యాసానికీ మధ్య దూరం తగ్గుతుంది.