మనిషి పోయి మెట్లొచ్చె!

ఫొటోలోంచి మనిషిని తీసెయ్యడానికి కత్తెర చాలు. ఆ మనిషి వెనకాల ఏముందో కల్పించి, చూసేవాళ్ళని నమ్మించడమే కష్టం. స్టాలిన్ కాలపు రష్యాలో ఈ విద్య బాగా సాగింది.

1920 మే 5న మాస్కోలో లెనిన్ చెక్క వేదిక మీంచి ఉపన్యసిస్తుంటే, పక్క మెట్ల మీద ట్రాట్‌స్కీ, కామెనెవ్ నిలబడ్డారు. తర్వాత వాళ్ళిద్దరూ స్టాలిన్‌కి గిట్టనివాళ్ళయ్యారు. అంతే, ఫొటోలో వాళ్ళున్నచోట ఉత్త మెట్లు మిగిలాయి! ఊరికే నాలుగు గీతలు గీస్తే చాలదు మరి. వేదిక ఏ వాలులో ఉంటే మెట్లూ ఆ వాలులోనే ఉండాలి, నీడలూ కుదరాలి.

1937లో మాస్కో-వోల్గా కాలవ గట్టున స్టాలిన్ పక్కన రహస్య పోలీసుల అధిపతి యెజోవ్ ఉన్నాడు. ఎందరినో చంపించిన అతన్నీ 1940లో కాల్చేశారు. ఫొటోలో అతని చోట కాలవ నీళ్ళు నిండాయి.

ఇళ్ళల్లో అంత పనితనం ఎక్కడిది? అరెస్టయినవాళ్ళ బొమ్మ దొరికితే ముప్పని ముఖాలకి సిరా పూసేవారు. పేరున్న చిత్రకారుడు రోద్‌చెంకో కూడా తను తీర్చిదిద్దిన పుస్తకంలోనే ముఖాలు నల్లగా అలికేశాడు.

నాకైతే ఆ సిరా మరకే నయమనిపిస్తుంది. ఇక్కడొకరుండేవారని అదైనా చెబుతుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్లో వేలితో తాకితే చాలు, మనిషి మాయమై గోడ ప్రత్యక్షం! గిట్టని తోడికోడల్ని పెళ్ళి ఫొటోలోంచి తప్పించడం క్షణం పని. కానీ రేపు మన మనవలు ఆ గోడనే నిజమనుకుంటారు కదండీ!