బార్కా వెల్యా: ఒక వితంతువు నాటిన తోట

మద్యమును గూర్చి వ్యాసము వ్రాయబూనినందులకు చదువరులలో కొందఱు ముక్కుపై వ్రేలిడుకొనవచ్చును. పానము వలన ఎన్ని కాపురములు కూలెనో మేమెఱుగనివారము కాము. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామములో స్త్రీలు సారాకొట్టుపై తిరుగబడుటయు, ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరులో సారా నిషేధమును సాధించుటయు మనకు తెలిసినదే. పానమును పొగడుట మా యుద్దేశము కాదు. అయితే పోర్చుగలు దేశమున మిక్కిలి పేరుగాంచిన యొక యెఱ్ఱ ద్రాక్షాసవము వెనుక ఒక తోట గలదు. ఆ తోట వెనుక ఒక వితంతువు జీవితము గలదు. అది మన యిండ్లలో తల్లులును కుమార్తెలును కూర్చుండి చదువదగినది గావున నిచ్చట చెప్పుచున్నాము.

పోర్చుగలు ఉత్తరభాగమున డౌరో యను నది ప్రవహించుచున్నది. దాని కిరుప్రక్కల నిటారైన పలకరాతి కొండలు. ఆ కొండలను త్రవ్వి, రాళ్లతో గోడలు పేర్చి, మెట్టుమెట్టుగా చదునుచేసి, తరతరముల కూలీలు ద్రాక్షతోటలు వేసిరి. స్పెయిను దేశపు గలీసియానుండి వలసవచ్చిన కూలీల చెమటయు ఆ గోడలలో నున్నది. 1756లో మంత్రి పొంబాలు మార్క్విసు ఈ సీమకు ఎల్లలు నిర్ణయించి, ఇచ్చటి ఆసవమునకు రాజశాసనముతో కట్టుదిట్టము చేసెను.

ఈ సీమకు ప్రఖ్యాతి తెచ్చినది పోర్టు అను తీపి మద్యము. దాని కిటుకు మా ప్రాంతమువారికి తేలికగా బోధపడగలదు. కోదాడకు చేరువనున్న మా అనంతగిరి పొలములలో తెల్లవాఱుజామున దింపిన కల్లు తియ్యగా నుండును. ప్రొద్దెక్కినకొలది పులిసి, సాయంకాలమునకు ఘాటెక్కును. రసములోని చక్కెరను సూక్ష్మజీవులు తిని మద్యసారముగా మార్చుటయే దీనికి కారణము. పోర్టు చేయువారు ద్రాక్షరసము సగము పులిసినప్పుడే దానిలో ద్రాక్షసారాయి కలిపెదరు. అంతట సూక్ష్మజీవులు చచ్చి, పులియుట నిలిచి, మిగిలిన తీపి యట్లే యుండిపోవును. ఈ తీపి సరకునకు ఇంగ్లండు పెద్ద అంగడి గావున, సారాయి కలుపని మామూలు ఆసవమును డౌరోవారు చిరకాలము చిన్నచూపు చూచిరి.

డోనా ఆంటోనియా అడెలాయిడ్ ఫెరీరా 1811లో ఈ నదీతీరమున, రేగువా పట్టణసమీపమున జన్మించెను. ఆమెది తోటలు గల సంపన్నకుటుంబము. దాయాదియగు ఆంటోనియో బెర్నార్డో ఫెరీరాను వివాహమాడి, ఇద్దఱు బిడ్డలను గని, 1844లో, తన ముప్పదిమూడవ యేట, భర్తను గోల్పోయెను. ఆ కాలపు మన సమాజమున ముప్పదిమూడేండ్ల వితంతువున కేమి మిగిలెడిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. డోనా ఆంటోనియా తోటల లెక్కలు తన చేతిలోనికి తీసికొనెను. తానే స్వయముగ తోటలు చూచి, పంటల బేరములు మాటాడి, కొత్త భూములు కొనుచు వచ్చెను.

పది సంవత్సరములు గడచిన పిమ్మట ఆమెకు గట్టి పరీక్ష యెదురయ్యెను. ఆ దేశమున ప్రధానమంత్రియు, సేనానియునైన సల్దాన్యా డ్యూకు తన కుమారునకు ఆమె కుమార్తె మరియా నిచ్చి పెండ్లి చేయవలసినదని కోరెను. ఆ బాలికకు పండ్రెండేండ్లు దాటలేదు. తల్లి యొప్పుకొనలేదు. అంతట డ్యూకు పిల్లను బలవంతముగ తెచ్చుటకై మనుష్యులను పంపెను. డోనా ఆంటోనియా బిడ్డతో గూడ స్పెయినునకు పారిపోయి, అచ్చటినుండి లండను నగరము చేరెను. ఇది 1854 నాటి మాట. దేశమునేలు వానికి కాదని చెప్పుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో, ఆ కాదనుటకు వెనుక స్వంత ఆస్తి యొకటి యుండుట ఎంత యవసరమో చదువరులే యూహింతురుగాక. తిండికి బావమఱదులపై నాధారపడిన వితంతువు ఆ యోడ యెక్కగలిగెడిదా?

ఈ కష్టకాలమున ఆమెకు తోడుగా నుండినవాడు తోటల వ్యవహారము చూచు ఫ్రాన్సిస్కో దా సిల్వా టోరెస్. 1856లో ఆమె అతనిని పునర్వివాహ మాడెను. సరిగా ఆ సంవత్సరముననే మన దేశమున హిందూ వితంతువుల పునర్వివాహమును చెల్లుబాటుచేయు శాసనము వచ్చినది. అయితే శాసనము కాగితముపై నుండగా, తెలుగుదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించుటకు 1881 వఱకు పట్టినది. అందులకు పంతులుగారును వారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారును పడిన వెలి, పాట్లు జగమెఱిగినవే.

ఇంతలో ద్రాక్షతోటలకే మృత్యువు వచ్చిపడెను. అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను నలుసంత పురుగు వేళ్లను పట్టి, ఐరోపాఖండమున తోటలను వరుసగా మాడ్చివేసెను. 1860ల నుండి డౌరోలోను అది వ్యాపించెను. పురుగును తట్టుకొను అమెరికా ద్రాక్షవేళ్లకు స్వదేశపు కొమ్మల నంటుకట్టుట యను ఉపాయము స్థిరపడులోపల వేలకొలది రైతులు దివాలా తీసిరి. అనేకులు మెట్లగోడలను పాడుపెట్టి లేచిపోయిరి. అమ్ముకొనువారే గాని కొనువారు లేని ఆ దినములలో డోనా ఆంటోనియా భూములు కొనెను. దీనిలో లాభాపేక్ష లేదని మేమనము. ఆమె వ్యాపారస్థురాలు. ఐనను ఆ కొనుగోళ్ల వలన, ఆ నాటింపుల వలన కూలీలకు పని దొరకెను. అందుచేతనే జనులు ఆమెను ‘ఫెరీరీన్యా’ యని, అనగా మన ఫెరీరమ్మ యని, ముద్దుపేరుతో పిలిచిరి.

1877లో, అఱువదియాఱేండ్ల వయస్సున, ఆమె నదికి ఎగువన, ఎండమండిపోవు తూర్పుసీమలో, విలానోవా ద ఫోష్కోవా పురపాలకసంఘమునుండి సుమారు 300 హెక్టార్ల బీడు కొనెను. అంతవఱకు ఆమె కొన్న తోటలు ఇతరులు నాటినవి. ఇది మాత్రము బీడునుండి తానే పెంచదలచినది. 1880లో రెండవ భర్తయు గతించెను. 1887లో రైలుమార్గము ఆ చేరువనున్న పొసీన్యో వఱకు వచ్చినది. ఆ యేటినుండి 1895 వఱకు తోట వేయుటయు, భవనములు కట్టుటయు సాగినవి. ఆ తోట పేరు క్వింటా దు వాలె మెయాన్. 1896 మార్చిలో ఆమె కన్నుమూసెను. తోట పూర్తియై అప్పటి కొక యేడాదియే.

మా యూళ్లలో తాటివిత్తు నాటినవాడు కల్లుగీతకు పదిపండ్రెండేండ్లైనను వేచియుండవలెను. ఈ తోటయందలి గొప్ప పంటకు ఏబదియాఱేండ్లు పట్టినది. ఫెరీరా సంస్థలో ఆసవముల తయారీకి పెద్దయైన ఫెర్నాండో నికొలౌ ద అల్మేదా, సారాయి కలుపని ఆసవమును ఫ్రాన్సు దేశపు బోర్డో ఆసవములకు దీటుగా ఈ వేడినేలపైననే చేయవలెనని సంకల్పించెను. వేడి మితిమీఱినచో పులియుట చెడిపోవును. వాలె మెయానులో అప్పటికి విద్యుత్తు లేదు. గావున సముద్రతీరమునందలి మతోజిన్యూష్ రేవునుండి మంచుగడ్డలను రంపపుపొట్టులో కప్పి లారీలలో తెప్పించి, తొట్లను చల్లబఱచెను. చల్లని మేడా యెత్తులలో పండిన ద్రాక్షను గూడ చేర్చి పులుపు సమకూర్చెను. ఇట్లు 1952 పంటనుండి పుట్టినది బార్కా వెల్యా. ఆ మాటకు ముసలి పడవ యని యర్థము. నది దాటుటకు అచ్చట నొకప్పుడున్న బల్లకట్టును బట్టి వచ్చిన పేరది.

ఈ సరకు విషయమున పాటింపబడుచున్న నియమమొకటి మెచ్చదగినది. ప్రతి యేడును దానిని విడుదల చేయరు. సీసాలలో నింపి, సంవత్సరముల తరబడి పరీక్షించి, తగినదని తోచిననే ఆ పేరు పెట్టెదరు. లేకున్న తక్కువ పేరుతో అమ్మివేయుదురు. తీర్పునకు ఎనిమిదేండ్లు పట్టుటయు గలదు. 2011 నాటి పంట 2020లో గాని వెలువడలేదు. 1952 మొదలు 2011 వఱకు పండిన పంటలలో బార్కా వెల్యా పేరు దక్కించుకొన్నవి ఇరువది మాత్రమే. ఆ సంస్థను 1987లో సోగ్రాపె యను కంపెనీ కొనినది. ఆసవమునకు కావలసిన ద్రాక్ష కాలక్రమమున లెడా యను వేఱొక తోటకు మాఱినది. వాలె మెయాన్ మాత్రము డోనా ఆంటోనియా సంతతివారి చేతనే యున్నది. వారు 1999నుండి ఆ తోట పేరుతోనే తమ ఆసవమును చేసికొనుచున్నారు. బార్కా వెల్యా చీటిపై మాత్రము నేటికిని ‘కాసా ఫెరీరీన్యా’ యను ఆమె ముద్దుపేరు నిలిచియున్నది.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది త్రాగుడు కాదు, తోట. చదువుకొన్న మన గృహస్థులు స్త్రీవిద్యను మెచ్చుదురు, బాల్యవివాహమును నిందింతురు. భూమిమాట వచ్చునప్పటికి గొంతు తగ్గింతురు. ఆంధ్రప్రదేశమున కుమార్తెలకు పిత్రార్జితమున సమానభాగమిచ్చు శాసనము 1986లో వచ్చి, 1985 సెప్టెంబరునుండి వర్తించినది. 2005లో దేశమంతటను అట్టి హక్కు కలిగినది. ఐనను పెండ్లికి కట్నమిచ్చితిమి గదా యని, పుట్టింటితో సంబంధము చెడునని, ఆడుబిడ్డచేత హక్కు విడుదలపత్రము వ్రాయించుకొను ఇండ్లు మన చుట్టును లేవా? భర్త పోయిన యింట పట్టాదారు పాసుపుస్తకము మఱది పెట్టెలోనికి పోవుట మనము చూడమా?

బిడ్డ పెండ్లిని కాదనుటకును, ఇష్టమైనవానిని పెండ్లాడుటకును, ముదిమిలో బీడును తోట చేయుటకును డోనా ఆంటోనియాకు బలమైనది ఆమె పేరనున్న భూమి. చదువరులు ఈ మాట నొకసారి యింట చర్చింతురుగాక. పెట్టె తెఱచి, పాసుపుస్తకముపై ఎవరి పేరున్నదో చూతురుగాక. విధవయైన తల్లియు, అత్తవారింట నున్న అప్పచెల్లెండ్రును ఆ కాగితములలో నెచ్చట నున్నారో యడుగుదురుగాక.