గడప దగ్గర చెప్పిన పేరు

మన పెద్దవాళ్ళు ఆలుమగలు ప్రేమగా ఒక్క మాటైనా అనుకునేవాళ్ళు కాదని మన ఇళ్ళల్లో అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. బళ్ళారి వైపు తెలుగు ఇళ్ళల్లో మాటలు ఉన్నాయి, కాకపోతే వాటికి వేళ వేరే.

మా అవ్వ తాత పేరు పలికేది కాదు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. రేషన్ కార్డు కోసం ఆఫీసులో అడిగితే పక్కనున్న మనవణ్ణి ముందుకు తోసి "నువ్వు చెప్పురా" అనేది. తాత పోయినాక పెన్షన్ కాగితాలప్పుడూ అంతే. ఇక తగ్గేదానికి ఆయుష్షు లేదు కదా, అయినా ఆమె చెప్పలేదు.

అట్లాంటి అవ్వ కూడా ఒక రోజు చెప్పింది. పెళ్ళయి అత్తగారింట్లో కాలు పెట్టే ముందు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడతారు. "నేనూ ఫలానా వచ్చినాం" అని ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెప్పాల్సిందే, లేకుంటే దారి వదలరు. ఉత్తర కర్ణాటక కన్నడ ఆడవాళ్ళు దీన్నే ఇంకా పెంచినారు. ప్రాస కట్టిన రెండు ముక్కలు చెప్పి, అందులో మొగుణ్ణి మెచ్చుకుని, చివర్లో పేరు పెడతారు. దాన్ని ఒడపు అంటారు. మరాఠీ వాళ్ళకు ఉఖాణా ఉంది. ఇరుగుపొరుగు కన్నడ వాళ్ళను చూసి మా ఇంట్లో ఆడవాళ్ళు ఒడపులు కూడా నేర్చుకున్నారు, అవీ కన్నడలోనే!

1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, మిగతా బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పట్నుంచి మాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. అందుకే భార్యాభర్తల ప్రేమను నేను మొదట చదివింది కె.ఎస్. నరసింహస్వామి 'మైసూరు మల్లిగె'లో. 1942 నాటి పుస్తకం. పెళ్ళయిన వాళ్ళ ప్రేమ, పుట్టిల్లు, అలక, అన్నీ మామూలు ఇంటి సంగతులే. అంతకు ముందే, 1925లో, నండూరి సుబ్బారావు గారి 'ఎంకి పాటలు' తెలుగులో వచ్చినాయని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాకే తెలిసింది.

ఇప్పుడు నా భార్య నన్ను పేరు పెట్టే పిలుస్తుంది, నేనూ అంతే. కాబట్టి గడప దగ్గర ఆట మాకు ఫోటో కోసమే అయింది. ఒడపులు వచ్చిన మా పెద్దమ్మలు ఇద్దరే మిగిలినారు, ఇద్దరికీ డెబ్బై దాటింది. పోయిన సంక్రాంతికి ఒకామెను అడిగితే సిగ్గుపడి, "మీ పెదనాయన ఇక్కడ లేనప్పుడు రా, చెప్తా" అనింది.