వయోజన విద్యకు స్థానిక నిధులు: అర్జీ నుంచి పన్ను దాకా

గ్రామంలో రాత్రిబడి నడపడానికి కావలసిన సామగ్రి స్వల్పమే. ఒక వసారా, ఒక లాంతరు, దానికి కిరసనాయిలు, కొన్ని పలకలు, పగలంతా పొలంలో పనిచేసి వచ్చినవారికి ఓపికగా అక్షరాలు దిద్దించే ఒక మనిషి. ఇంత చిన్న ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్న మాత్రం తెలుగునాట నూరేళ్లకు పైగా చర్చలో ఉంది. దాతలా, చదువుకోవడానికి వచ్చేవారా, తాలూకా బోర్డా, రాష్ట్ర ప్రభుత్వమా? ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు వచ్చింది. వయోజన విద్య చరిత్రలో కొంత భాగాన్ని ఆ జవాబుల చరిత్రగా చదువుకోవచ్చు.

ప్రభుత్వ ధనం కోసం అర్జీ పెట్టుకొనే పద్ధతికి మూలం 1854 నాటి చార్లెస్ ఉడ్ విద్యాపత్రంలో ఉంది. సర్కారు తానే బడులన్నీ నడపలేదు కనుక, ప్రజలు నడిపే బడులకు కొంత సొమ్ము సహాయంగా ఇవ్వాలన్నది దాని సూత్రం. దీనినే గ్రాంటు-ఇన్-ఎయిడ్ అన్నారు. రిప్పన్ ప్రభువు 1882లో స్థానిక స్వపరిపాలనపై చేసిన తీర్మానం, 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చిన తరువాత ప్రాథమిక విద్యాభారంలో పెద్ద వాటా జిల్లా బోర్డుల మీద, తాలూకా బోర్డుల మీద పడింది. 1921 నుంచి విద్యాశాఖ మంత్రుల చేతికి వచ్చినా పద్ధతి మారలేదు. ముందు బడి నడవాలి. దానికి గుర్తింపు రావాలి. హాజరుపట్టీ సక్రమంగా ఉండాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. ఆ తరువాతనే డబ్బు. పైకి న్యాయంగా కనిపించే ఈ నియమంలో ఒక చిక్కు ఉంది. సాయం అందేదాకా తన కాళ్ల మీద నిలబడగలిగిన ఊరికే సాయం అందేది. లాంతరు కొనలేని వాడకు అర్జీ రాసే అర్హతే రాదు. అర్జీ రాసిపెట్టడానికైనా అక్షరం వచ్చినవాడొకడు ఉండాలి కదా!

ఈ లోటును కొంతవరకు పూడ్చింది గ్రంథాలయోద్యమం. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తల కృషితో అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. చందాలతో, పుస్తకదానాలతో బతికిన గ్రామ గ్రంథాలయాలు చదివినవారికి పుస్తకం ఇవ్వడంతోనే ఆగలేదు. చదువురాని వారికి పత్రిక చదివి వినిపించాయి, రాత్రిబడులు నడిపాయి. సంఘానికి చిరకాలం అధ్యక్షులుగా ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఈ రెండు పనులనూ విడదీసి చూడలేదు. ‘వయోజన విద్య’ అన్న మాటను ఆయనే వాడుకలోకి తెచ్చారని చెబుతారు.

అదే కాలంలో నైజాం రాజ్యంలోని తెలుగువారి పరిస్థితి వేరు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. అక్కడి కార్యకర్తలు సర్కారుకు పెట్టుకొన్న అర్జీలు ధనం కోసం కావు, అనుమతి కోసం. ఖానగీ బడి పెట్టాలన్నా ముందు అనుమతి కావాలి. సభ జరుపుకోవాలన్నా, 1929 నాటి 53వ గస్తీ ప్రకారం, అనుమతి కావాలి. గ్రాంటు దొరకలేదని కోస్తాలో బాధపడుతున్న రోజుల్లో తెలంగాణలో బడిని మూయించకుండా కాపాడుకోవడమే ఒక విజయం.

అర్జీకి బదులు హక్కు అన్న ఆలోచన చట్టరూపం దాల్చింది 1948లో. మన దేశంలో పౌర గ్రంథాలయాలను గురించి వచ్చిన మొదటి ప్రధాన శాసనం మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం. ఇది 1950లో అమలులోకి వచ్చింది. ఇంటిపన్ను రూపాయికి ఆరు పైసల చొప్పున (ఆ పైస పాత రూపాయిలో 192వ వంతు) గ్రంథాలయ పన్ను వసూలు చేయాలనీ, మద్రాసు నగరం మినహా తక్కినచోట్ల అంతే మొత్తాన్ని ప్రభుత్వం కలపాలనీ అది నిర్దేశించింది. స్థానిక గ్రంథాలయ సంస్థలకు పుస్తకాలు కొనడమే కాక ఉపన్యాసాలు, తరగతులు ఏర్పాటు చేసే అధికారాన్ని కూడా ఇచ్చింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు రెండింటికీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇక ఏటేటా చేతులు జోడించి అడగవలసిన పని లేదని కార్యకర్తలు సంతోషించారు.

ఆ సంతోషం పూర్తిగా నిలవలేదు. పన్ను వసూలు చేసేది పంచాయతీలు, పురపాలక సంఘాలు; ఖర్చు చేయవలసినది జిల్లా గ్రంథాలయ సంస్థ. వసూలైన సొమ్ము మొదటి చేతి నుంచి రెండవ చేతికి చేరకపోవడం, బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం ఆ చట్టం పుట్టిన నాటి నుంచి వెంట వస్తున్న వ్యాధి. పైగా పన్ను ఇంటి విలువను బట్టి వచ్చేది కనుక, మిద్దెలున్న పట్టణాలకు ఎక్కువ, పూరిళ్లున్న మెట్ట గ్రామాలకు తక్కువ. నిరక్షరాస్యులు ఎక్కువగా ఉన్నది మాత్రం ఆ పూరిళ్లలోనే.

1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అయిదేళ్లలో పది కోట్ల మందిని అక్షరాస్యులను చేయాలని సంకల్పించింది. అది స్వచ్ఛంద సంస్థల నుంచి ప్రతిపాదనలు కోరి, కేంద్రాల లెక్కన గ్రాంటు ఇచ్చింది. కేంద్రాలు తెరుచుకొన్నాయి, చాలాచోట్ల అంతే తొందరగా మూతపడ్డాయి. 1988 మే 5న ఆరంభమైన జాతీయ అక్షరాస్యతా మిషన్ ఆ అనుభవంతో మార్గం మార్చుకొంది. కేరళలో ఎర్నాకుళం జిల్లా 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యతను ప్రకటించుకొన్న తరువాత, జిల్లానే ఒక ప్రమాణంగా తీసుకొన్నారు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా సాక్షరతా సమితిని సంఘంగా రిజిస్టరు చేయాలి; ఇంటింటి సర్వే చేసి ఎందరికి చదువు రాదో లెక్క తేల్చాలి; ఆ లెక్కతో ప్రతిపాదన పంపాలి. ఆమోదం లభిస్తే కేంద్రం రెండు వంతులు, రాష్ట్రం ఒక వంతు భరిస్తాయి. గిరిజన ఉపప్రణాళిక ప్రాంతాల్లో కేంద్రానిది నాలుగు వంతులు. చదువు చెప్పే వాలంటీరుకు జీతం లేదు. పాత గ్రాంటు పద్ధతిలో అర్జీదారు ఒక బడి. ఇందులో అర్జీదారు జిల్లా మొత్తం.

ఈ పద్ధతి బలం ఎంతటిదో నెల్లూరులో తెలిసింది. 1991లో అక్కడ సాక్షరతా ఉద్యమం సాగింది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రి తరగతుల్లో స్త్రీలే ఎక్కువ. వాచకంలోని ‘సీతమ్మ కథ’ భర్త సారా వ్యసనంతో చితికిన కుటుంబాన్ని గురించినది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన స్త్రీలు అది తమ కథేనన్నారు. చర్చ అక్షరాల దగ్గర ఆగలేదు. దూబగుంట రోశమ్మ వంటివారు ముందు నిలిచి ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. తరువాతి వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా ఆ ఊరి సంగతే చేరింది. చదువుకొన్నవారి చేత చదువు రాయించుకొన్న పాఠమిది.

ఇక్కడి విచిత్రాన్ని విస్మరించరాదు. వాచకాలకు సొమ్ము ఇచ్చింది ప్రభుత్వం. సారా వేలాల ఆదాయం పొందేదీ ప్రభుత్వమే. సాక్షరతా సమితికి పనిచేసిన జిల్లా యంత్రాంగమే వేలాలనూ నిర్వహించాలి. 1992లో స్త్రీల ప్రతిఘటనతో నెల్లూరులో ఆ వేలాలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి ఆ జిల్లాలోను, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో అమలైన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారన్నది వేరే చరిత్ర. సాక్షరతా ప్రతిపాదనల్లో లక్ష్యాల కింద ఎంతమంది, ఎన్ని నెలలు, ఎంత ఖర్చు అన్న గడులుంటాయి. దూబగుంటలో జరిగినది ఏ గడిలోనూ పట్టదు.

1991 జనాభా లెక్కల్లో 44 శాతంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 2001 నాటికి 60 శాతం దాటింది. ఆ పదేళ్లలో బడులు పెరగడం కూడా ఇందుకు కారణమే కనుక, ఘనతనంతా ఉద్యమానికే కట్టబెట్టడం సరికాదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో వయోజన విద్యను, గ్రంథాలయాలను పక్కపక్కనే, 19, 20 అంశాలుగా, పంచాయతీలకు అప్పగించదగినవిగా చేర్చింది. గాడిచర్లవారు విడదీయని జంట ఆ పట్టికలో అలాగే నిలిచింది. నిధులు మాత్రం పై నుంచే రావలసి వచ్చింది. 2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ పంచాయతీ స్థాయిలో లోక్ శిక్షా కేంద్రాలను నెలకొల్పి, వాటిని నడిపే ప్రేరక్‌లకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. 2018 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. కేంద్రాల గదులు, బీరువాల్లోని వాచకాలు పంచాయతీల దగ్గరే మిగిలాయి. వాటిని కొనసాగించడానికి ఇంటిపన్నులో ప్రత్యేకమైన పద్దు ఏదీ లేదు. నాలుగేళ్ల తరువాత, 2022లో, కేంద్రం ఆమోదించిన నవభారత సాక్షరతా కార్యక్రమం మళ్లీ జీతంలేని వాలంటీర్ల మీదనే ఆధారపడింది.